‘మీలో దేవుడు ఎక్కడ కనబడతాడు?’ అని అడిగిన పాఠకుడికి

సంపాదకుల వారికి నమస్కారాలు.

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో హనుమకొండ పాఠకుడొకరు క్రైస్తవులను సూటిగా ఒక మాట అడిగారు. ఆదివారం మైకులు వింటున్నాం, బండ్ల వెనుక వాక్యాలు చదువుతున్నాం, మీలో ఉన్నాడని చెప్పే ఆ దేవుడు సోమవారం నుంచి శనివారం దాకా ఎక్కడ కనబడతాడు, అన్నది ఆయన ప్రశ్న. ఆ పేపరు మా చర్చిలో చాలా చేతులు మారింది. కొందరికి కోపం వచ్చింది. ఇద్దరు ముగ్గురు కూర్చుని జవాబుగా పంపడానికి వాక్యాల పట్టిక కూడా రాశారు. నాకు మాత్రం కోపం రాలేదు. అడగాల్సిందే అడిగారు. ఆ పట్టిక చదివితే ఆయన సందేహం ఇంకా పెరుగుతుందనిపించి నేనే పెన్ను పట్టుకున్నాను.

నేను మార్కెట్ యార్డులో దడ్వాయి పని చేసి మానుకున్నవాణ్ణి. పట్నం పాఠకులకు తెలియకపోవచ్చు, రైతు తెచ్చిన సరుకు తూచేవాణ్ణి దడ్వాయి అంటారు. హమాలీ మోస్తాడు, ఖరీదుదారు కొంటాడు, గుమాస్తా రాస్తాడు. మధ్యలో కాంటా దగ్గర నిలబడి ఎంతొచ్చిందో పైకి చెప్పేది మేము. ఏ యార్డని అడగకండి, పాత వరంగల్ జిల్లాలో ఒకటి అనుకోండి. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ అంత పెద్దది కాకపోయినా, సంక్రాంతి దాటి మిర్చి మొదలైందంటే ఉగాది దాకా అక్కడ కాలు పెట్టే సందుండదు. ఘాటుకు కళ్లు మండుతాయి, ముక్కు కారుతుంది, ఇంటికొచ్చి స్నానం చేసినా మనవడు దగ్గరికి రాడు.

పొద్దున జెండా పాటతో, అంటే ఆ రోజు మొదటి వేలంతో, ఆనాటి పై ధర తేలిపోతుంది. ఆ తర్వాత సరుకును బట్టి ఒక్కొక్క రాశికి ధర కడతారు. రైతు అక్కడ చేసేదేం లేదు. తూకం దగ్గర అంతకన్నా లేదు. ఏరడానికి కూలీలు, మందులకు అప్పులు, ట్రాలీ కిరాయి అన్నీ కలిపి బస్తాగా కట్టి ఆ ఇనుప పలక మీద పెడితే, వచ్చిన అంకె తక్‌పట్టీలోకి, అంటే తూకం, డబ్బు లెక్క రాసే చీటీలోకి పోతుంది, ఇక దానికి తిరుగు లేదు. ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. చాలామంది రైతులు అంకెల వైపు చూడరు. తూచేవాడి మొహం చూస్తారు. చదువు రానివాళ్లే కాదు, డిగ్రీ చదివిన పిల్లలు కూడా అంతే. బస్తా కాంటా మీద పడగానే కళ్లు మన మొహం మీదికి వస్తాయి.

బస్తా పడ్డాక అంకెలు కాసేపు ఊగుతాయి. అవి నిలబడకముందే చదివేస్తే పావుకిలో అటో ఇటో అవుతుంది. అటో ఇటో అనడమే గానీ, ఎప్పుడూ ఒక వైపే అవుతుంది. పాత త్రాసుల కాలంలో దానికి వేరే ఉపాయాలుండేవి, ఇప్పుడు వేరే. అవన్నీ ఇక్కడ రాస్తే నేర్పినట్టవుతుంది. ఒక్క బస్తా మీద అదేం పెద్ద లెక్క కాదు. రోజుకు తూచే బస్తాలన్నిటి మీద ఎంతవుతుందో మాత్రం తూచేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు.

నాకు పని నేర్పింది ఒక ముసలాయన. మా చర్చి మనిషే. పేరు రాయను, ఆయనకు నచ్చదు. ఆయన తూచే పద్ధతి వేరు. బస్తా పడగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఒక అడుగు వెనక్కి జరిగేవాడు. అంకె నిలబడేదాకా నోరు తెరిచేవాడు కాదు. నిలబడ్డాక రెండుసార్లు చదివేవాడు. మొదటిసారి గుమాస్తా రాసుకోవడానికి. రెండోసారి రైతు వైపు తిరిగి, కొంచెం మెల్లగా, ‘ముప్పై తొమ్మిది కిలోల ఏడు వందలు పటేలా’ అని గ్రాములతో సహా. ఆ గ్రాములు తక్‌పట్టీలోకి ఎక్కేదాకా తరువాతి బస్తా ఎత్తనిచ్చేవాడు కాదు. ఖరీదుదారుల మనుషులకు విసుగొచ్చేది. ‘నీ కాంటా కాడ పొద్దు గూకుతది’ అనేవాళ్లు. ‘గూకనీ సేటూ, రేపు మళ్ల పొడుస్తది గద’ అనేవాడు. అంతకుమించి వాదన పెట్టుకోడు. నెల పొడుగునా ఆయనకు పని దొరకని రోజులు కూడా ఉండేవి, ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

ఆయన జేబులో బైబిల్ రెండో భాగమైన కొత్త నిబంధన, చిన్న పుస్తకం, ఉండేది. మిర్చి ధూళికి దాని అంచులన్నీ ఎర్రబారాయి. మధ్యాహ్నం అన్నం తిన్నాక చెట్టు కింద తీసి చదువుకునేవాడు, ఎవరికీ వినిపించకుండా. యార్డులో ఆయన సువార్త చెప్పగా నేను వినలేదు. ఒకసారి అడిగాను, కాంటా నుంచి అంత దూరం ఎందుకు జరుగుతావని. ఏదో వాక్యం చెప్తాడనుకున్నాను. బైబిల్లో సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే దొంగ త్రాసు గురించి కదా, చర్చి మనిషికి అది నాలుక చివరనే ఉంటుంది. ఆయన మాత్రం, ‘కాలు తగిల్తె తూకం తప్పుతది గదరా’ అని బీడీ ముట్టించుకున్నాడు. (అవును, బీడీ తాగేవాడు. మా అయ్యగారికి, అంటే పాస్టరుకు, అది ఇష్టముండేది కాదు.)

ఆయన చనిపోయినప్పుడు భూస్థాపనకు ఎవరూ పిలవకుండానే రైతులు వచ్చారు. ములుగు వైపు నుంచి, గోవిందరావుపేట నుంచి, నర్సంపేట నుంచి. చర్చి పద్ధతులు వాళ్లకు తెలియవు. అందులో ఒక పెద్దమనిషి సంచిలో కొబ్బరికాయ, అగరుబత్తులు పట్టుకొచ్చాడు. పెట్టె దగ్గర కూర్చుని అగరుబత్తులు వెలిగించి, కొబ్బరికాయ కొట్టబోయాడు. మా సంఘ పెద్ద ఒకాయన ‘ఇక్కడ అవి చేయొద్దు’ అంటూ లేచి అటు నడిచాడు. ముసలాయన భార్య కుర్చీలోంచి లేవకుండానే, ‘ఉండనీయి నాయినా, ఆయన కాంటా మీదికి ఈ పటేలు మిర్చే ఎక్కువొచ్చేది’ అంది. సంఘ పెద్ద ఆగిపోయాడు. కొబ్బరికాయ మట్టి మీద పగలలేదు. ఇంకో రైతు రాయి వెతుక్కొచ్చాడు. అయ్యగారు ఆ పని అయ్యేదాకా ప్రార్థన మొదలుపెట్టకుండా నిలబడ్డారు. మా అయ్యగారి మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గానీ, ఆ రోజు ఆయన నిలబడిన తీరుకు నేను చేతులెత్తి మొక్కుతాను.

తర్వాత తెలిసింది, కొబ్బరికాయ తెచ్చిన ఆ రైతు, ముసలాయన మొహం చూస్తే తనకు భయం పోయేదని ఊళ్లో చెప్పుకునేవాడట. ఆయన ఏ దేవుణ్ణి కొలుస్తాడో చావు దాకా ఆ రైతుకు తెలియదు. ముసలాయనకు తన మొహంలో అలాంటిదేదో ఉందని అసలే తెలియదు.

హనుమకొండ పాఠకుడు గారికి నేను చెప్పదలచింది ఇక్కడే ఉంది. నిర్గమకాండం 34వ అధ్యాయంలో మోషే సీనాయి కొండ దిగి వస్తాడు. దేవునితో మాట్లాడి వచ్చినందుకు ఆయన ముఖం ప్రకాశిస్తోంది. ఆ సంగతి ఆయనకు తెలియదని అక్కడే రాసి ఉంది. చూసింది ఆయన అన్న అహరోను, చూసింది జనం. మత్తయి సువార్త 25వ అధ్యాయంలోనూ అంతే. ఆకలిగా ఉన్నప్పుడు నాకు పెట్టారు, జబ్బు పడితే వచ్చి చూశారు అని ప్రభువు అంటే నీతిమంతులు ఆశ్చర్యపోతారు, మేమెప్పుడు చేశామని ఎదురు అడుగుతారు. రెండు చోట్లా చేసినవాళ్లకు తెలియదు, ఎదుటివాళ్లకే తెలిసింది. కాబట్టి అయ్యా, దేవుడు మాలో ఎక్కడ కనబడతాడో చెప్పాల్సింది మేము కాదు. మీరు. మేము చెప్పడం మొదలుపెట్టామంటే అక్కడ ఆయన ఉన్నాడో లేడో అనుమానించే హక్కు మీకుంది.

ఇది మా వాళ్లకు రుచించే మాట కాదని నాకు తెలుసు. మా చర్చిలో ఫ్యాను తిరగడం ఆగితే రెక్కల మీద దాత పేరు చదవొచ్చు. కుర్చీ వీపు మీద పేరుంటుంది, గోడ గడియారం మీద పేరుంటుంది. ఒకసారి కరెంటు పోయినప్పుడు మనవడు ఫ్యాను రెక్కలు చూస్తూ పేర్లన్నీ పైకి చదివాడు, ఆరాధన మధ్యలో. నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

అయితే ఈ విషయం అంత తేలిక కాదు. 2023 జూలై వానలకు మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగింది, అదే వానలకు వరంగల్ లోతట్టు కాలనీల్లో కూడా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మా సంఘం చందాలు వేసుకుని బియ్యం, పప్పు, మంచినూనె, కారం, ఒక దుప్పటి కలిపి సంచులు కట్టింది. సంచులు కడుతుండగా సువార్త కరపత్రాల కట్ట తెచ్చి, ఒక్కో దాంట్లో ఒకటి వేయమన్నారు. నేను వద్దన్నాను. ఆకలిగా ఉన్నవాడి సంచిలో కాగితం పెడితే సంచి ఎర అయిపోతుంది, బియ్యం మీద కూడా వాళ్లకు అనుమానం వస్తుంది అన్నాను. నాకన్నా పెద్దవాడు, నిజాయితీపరుడు, ఆ చందాలో అందరికన్నా ఎక్కువ ఇచ్చినవాడు ఒకాయన నన్ను నిలదీశాడు. ‘మరి ఎవరి పేరున ఇస్తున్నమో వాళ్లకెట్ల తెలవాలె? ప్రకటించేవాడు లేకుండ ఎట్ల వింటరని పౌలు అడగలేదా?’ అని. అడిగాడు, బైబిల్లో రోమా పత్రిక 10వ అధ్యాయంలో. నా దగ్గర దానికి గట్టి జవాబు లేదు, ఇప్పటికీ ఆయన మాటను కొట్టిపారేయలేను. ఎప్పుడూ నోరు మూసుకుని ఉండమని ప్రభువు చెప్పలేదు. మనిషి తీరుబడిగా కూర్చుని అడిగితే నేనూ గంటసేపు చెప్తాను. బురద తోడుతున్నవాడు తీరుబడిగా లేడు, కాదనే స్థితిలో కూడా లేడు. నా అభ్యంతరం అంతవరకే.

చివరికి అయ్యగారు ‘ఈసారికి వద్దు’ అన్నారు. కాగితాలు లేకుండానే సంచులు పోయాయి. ఆ పెద్దాయన అలిగాడు, కానీ నీళ్లలో దిగి సంచులు మోసినవాళ్లలో ముందున్నదీ ఆయనే. ఒక ఇంట్లో గోడకు నడుమెత్తున నీటి గీత, కింద తడిసిన రేషన్ బియ్యం. అక్కడి అవ్వ అడిగింది, ‘ఎవరు పంపిండ్రు బిడ్డా?’ అని. ఆయన ‘పక్క గల్లీ చర్చోళ్లం అవ్వా’ అన్నాడు. అంతే అన్నాడు. చీపురు తీసుకుని ఆమె వాకిట్లో బురద నెట్టాడు. వాదనలో ఆయన ఓడలేదు, నేను గెలవలేదు.

ఇంకొకాయన సంగతి కూడా చెప్పాలి. ఆర్టీసీలో డ్రైవరు. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే ఆయనకు స్పెషల్ బస్సుల డ్యూటీ పడుతుంది. వాళ్ల సంఘంలో కొందరు ఆ నాలుగు రోజులు సెలవు పెట్టుకొమ్మన్నారు, సమ్మక్క సారలమ్మల మొక్కులకు పోయేవాళ్లను నువ్వెందుకు తీసుకుపోవాలని. ఆయన అన్నది నాకు చాలా నచ్చింది. ‘బస్సు నిండ ప్రాణాలు నా చేతిల ఉంటయి. వాళ్లు ఎవరికి మొక్కుతరో స్టీరింగుకు తెల్వది.’ జాతర నుంచి తిరిగొచ్చేటప్పుడు అలసి నిద్రపోయే ముసలమ్మలు ఏ ఊళ్లో దిగాలో ఎక్కగానే అడిగి గుర్తుపెట్టుకుంటాడట, ఊరు రాగానే పేరుపెట్టి లేపుతాడట. (జాతర మాట వచ్చింది కాబట్టి ఒకటి. నిలువెత్తు బంగారమంటూ అక్కడ మనిషినే త్రాసులో కూర్చోబెట్టి సరితూగే బెల్లం ఇస్తారు. దడ్వాయి కంటికి అదొక ముచ్చట.)

దేవుని వెలుగు మా చర్చి గోడల లోపలే ఉంటుందని నేను అనుకోను. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి పెట్టారు. ఊళ్లోకి రానివ్వని మనుషులను ముట్టుకుని వైద్యం చేశారు. దానికి డబ్బు సాయం చేసినవాళ్లలో రాజా నర్సా గౌడ్ ముఖ్యుడు, ఆయన హిందువు. పుండు కడిగిన డాక్టరమ్మలో దేవుడు కనబడ్డాడా, ఆ పనికి మూట విప్పిన గౌడ్‌లో కనబడ్డాడా? ఇద్దరిలోనూ అంటాను నేను. ఒప్పుకోని వాళ్లు మాలో ఉన్నారు, వాళ్లతో టీ తాగుతూ ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను.

మెదక్ చర్చి సంగతి మీ పేపరు ప్రతి క్రిస్మస్‌కూ రాస్తుంది, ఎత్తు, రంగు అద్దాలు, వచ్చే జనం. 1924 డిసెంబర్ 25న అది ప్రారంభమైంది. దానికి ముందు కరువు రోజుల్లో, ఆ చర్చి కట్టించిన పోస్నెట్ దొర జనానికి ఆ కట్టడం మీద పని చూపించి తిండి పెట్టాడన్నది దాని ఎత్తు కన్నా పెద్ద విషయం. చేయి చాపకుండా, చేసిన పనికి దక్కిందని తినగలిగారు. ఈసారి ఫోటో కింద రెండు లైన్లు దానికి కూడా కేటాయించండి.

ఇక మాకు చేదుగా ఉండే మాట. హనుమకొండ పాఠకుడు మర్యాదకు రాయలేదేమో, నేను రాస్తాను. మాలో కులం లేదని పుల్పిట్ మీద చెప్పి, పిల్లల సంబంధాల దగ్గర ముందు అదే అడుగుతాం. ‘క్రైస్తవ కుటుంబానికే అద్దెకు ఇస్తాం’ అన్న ఇంటివాళ్లు ఆ తర్వాత అడిగే రెండో ప్రశ్న ఏమిటో మీకూ తెలుసు. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, చర్చికి పైసా తప్పకుండా ఇచ్చే మేస్త్రీ శనివారం కూలీ డబ్బులు సోమవారానికి వాయిదా వేస్తాడు. కోత కోసినవాళ్ల కూలి బిగపడితే ఆ కూలే మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయం మీద ప్రసంగం నేను ఎక్కువగా వినలేదు. రోగికి నూనె రాసి ప్రార్థించమన్న మాట కూడా అదే అధ్యాయంలో ఉంది, దాని మీదైతే చాలా విన్నాను.

వాక్యాల పట్టిక రాసినవాళ్లతో నిన్న మాట్లాడాను. వాళ్లకు దురుద్దేశం లేదు, దేవుని పేరుకు మాట వచ్చిందని నొచ్చుకున్నారు. పట్టిక మీ ఆఫీసుకు పంపొద్దని ఒప్పించాను. బదులుగా ఆ మేస్త్రీని కూర్చోబెట్టి శనివారం సంగతి మాట్లాడదామన్నాను. పట్టిక రాసినంత హుషారుగా ఎవరూ లేవలేదు గానీ, ఇద్దరు వస్తామన్నారు.

ఈ ఎండాకాలం మా యువకులు బస్టాండు దారిలో చలివేంద్రం పెడుతున్నారు. పోయినసారి కుండల కన్నా ఫ్లెక్సీ పెద్దగా ఉండింది, అందులో నీళ్లు పోసేవాళ్ల ఫోటోల కన్నా పోయనివాళ్ల ఫోటోలే ఎక్కువ. ఈసారి ఫ్లెక్సీ డబ్బులతో ఇంకో నాలుగు కుండలు, మూతలు, గ్లాసులు కొనమన్నాను. మూతల దగ్గర ఒప్పుకున్నారు, ఫ్లెక్సీ మీద బేరం ఇంకా సాగుతోంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కుండల దగ్గర కూర్చునే మనిషి మాత్రం ఇంకా కుదరలేదు. హనుమకొండ పాఠకుడు గారికి తీరిక ఉంటే రమ్మనండి, ఏ మతమని ఎవరూ అడగరు. నా చిరునామా మీ ఆఫీసులో ఇచ్చాను, పేపరులో వేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డు దడ్వాయి,
వరంగల్